చేత్తో కట్టిన రాడ్డు విసురులో ఎందుకు వెనకబడుతుంది: కొస బరువు, దారం దారి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు ఒకసారి చెబుతాను, ఎక్కడైనా పొరబడి ఉంటే సరిదిద్దండి. తొమ్మిది అడుగుల రెండు ముక్కల కార్బన్ బ్లాంక్ (ఏమీ అమర్చని ఒట్టి కడ్డీ) తెప్పించుకుని, దానికి పిడి, రీలు బిగించే రీల్ సీటు, దారం దూరి నడిచే రింగులైన గైడ్లు మీరే అమర్చి చేపలు పట్టే రాడ్డు కట్టుకున్నారు. బ్లాంక్ మీద, విసరదగిన ఎర బరువుగా, 15 నుంచి 45 గ్రాములు అని రాసి ఉంది. అదే బ్లాంక్‌తో కంపెనీలో తయారైన రాడ్డు మీ స్నేహితుడి దగ్గర ఉంది. కాకినాడ ఒడ్డున ఒకే రీలును ఒకదాని తర్వాత ఒకదానికి బిగించి విసిరి చూస్తే, 28 గ్రాముల జిగ్ (బరువైన లోహపు ఎర) అతని రాడ్డుతో సుమారు పది మీటర్లు ఎక్కువ దూరం పడింది. 12 గ్రాముల లూర్ (కృత్రిమ ఎర) కట్టినప్పుడు మీ రాడ్డు మరింత వెనకబడింది. ఇది బ్లాంక్ లోపమా, లేక వెన్ను (బ్లాంకులో కొద్దిగా బిగువుగా ఉండే వైపు) చూసుకోకుండా గైడ్లు కట్టడం వల్ల వచ్చిన లోపమా అన్నది మీ సందేహం. రెండు కాళ్ళ గైడ్లు పది పెట్టానని, మొదటి గైడు 20 సైజుదని, అది రీలు స్పూలుకు (దారం చుట్టి ఉండే భాగానికి) అర మీటరు దూరంలో ఉందని, కొస వైపు వన్నీ 8 సైజువని, గైడ్ల కట్టు మీద ఎపాక్సీ జిగురు రెండు పూతలు వేశానని మీరే రాశారు కాబట్టి నా పని చాలావరకు తేలికైంది.

బ్లాంకును అనుమానించవద్దు, వెన్నును అంతకన్నా అనుమానించవద్దు. ఇరవై ఏళ్ళుగా విశాఖలో నాకోసమూ, తెలిసినవాళ్ళకోసమూ రాడ్లు కడుతున్నాను. కొత్తగా కట్టినవారి రాడ్డు దూరం పోవడం లేదంటూ నా దగ్గరికి వచ్చిన సందర్భాల్లో దాదాపు ప్రతిసారీ కారణం రెండు చోట్లే కనబడింది. ఒకటి, కొస వైపు మూడో వంతులో అవసరానికి మించి చేరిన బరువు. రెండు, స్పూలు నుంచి సుళ్ళు తిరుగుతూ బయటికి వచ్చే దారాన్ని మొదటి రెండు మూడు గైడ్లు మచ్చిక చేసుకోలేకపోవడం. మీ రాడ్డులో రెండూ ఉన్నట్టున్నాయి. తేలిక లూర్‌తో తేడా పెరిగిందని మీరు గమనించడం చాలా విలువైన ఆధారం, ఎందుకో కింద చెబుతాను.

రాడ్డు విసిరేటప్పుడు రెండు పనులు చేస్తుంది. మొదటిది మీట పని: చేతులు కొద్ది దూరం కదిలితే కొస చాలా దూరం కదులుతుంది, జిగ్‌కు అందే వేగంలో పెద్ద భాగం ఇలాగే వస్తుంది. రెండోది స్ప్రింగు పని: వంగిన రాడ్డు తిరిగి నిటారవుతూ తాను దాచుకున్న శక్తిని జిగ్‌కు ఇస్తుంది. ఈ రెండో పని ఎంత చురుగ్గా జరుగుతుందన్నది బ్లాంక్ బిగువు మీద, కొస మోస్తున్న బరువు మీద ఆధారపడుతుంది. బిగువు పెరిగితే చురుకు పెరుగుతుంది, బరువు పెరిగితే తగ్గుతుంది. రెండూ వర్గమూలం చొప్పున పనిచేస్తాయి. బిగువును మీరు మార్చలేరు, అది బ్లాంక్ కొన్ననాడే ఖాయమైపోయింది. కట్టేవాడి చేతిలో ఉన్నది బరువు ఒక్కటే, అది కూడా ఎక్కడ పెడుతున్నామన్నదే అసలు సంగతి.

ఈ మాటను అంకెల్లో చూస్తే మనసుకు బాగా పడుతుంది. అంతటా ఒకే మందం ఉన్న ఒక కడ్డీని ఒక చివర బిగించి ఊపితే, దాని మొత్తం బరువులో నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ మాత్రమే కొసన పెట్టినట్టుగా లెక్కకు వస్తుంది. కొసకు సన్నబడే రాడ్డులో ఆ వంతు ఇంకా తక్కువ. అంటే తొంభై, వంద గ్రాముల బ్లాంక్ కూడా ఊగేటప్పుడు కొసన కొద్ది గ్రాముల బరువున్న వస్తువులాగే ప్రవర్తిస్తుంది. ఆ కొద్ది గ్రాముల పక్కన మనం చేర్చే ఒక్కొక్క గ్రాము ఎంత పెద్దదో ఆలోచించండి. అదే కడ్డీ మీద కొసన పెట్టిన ఒక గ్రాము పూర్తిగా ఒక గ్రామే. నాలుగింట మూడు వంతుల ఎత్తులో పెడితే అది అర గ్రాముకన్నా తక్కువగా, సరిగ్గా నడిమధ్యలో పెడితే తొమ్మిదో వంతుగా, మొదలు నుంచి నాలుగో వంతు ఎత్తులో పెడితే సుమారు నూరో వంతుగా పనిచేస్తుంది. అందుకే రీల్ సీటు ఐదు గ్రాములు ఎక్కువ తూగినా విసురుకు నష్టం లేదు, మొదటి పెద్ద గైడు దిట్టంగా ఉన్నా నష్టం లేదు, కానీ చివరి నాలుగు గైడ్లలో ఒక్కొక్కటి పావు గ్రాము పెరిగినా రాడ్డు బద్ధకిస్తుంది. తేలికైన పిడి కోసం ఖరీదు పెట్టి, కొసన చౌకగా దొరికిన బరువైన గైడ్లు పెట్టే పద్ధతి సరిగ్గా తలకిందులు.

ఇప్పుడు మీ 12 గ్రాముల లూర్ సంగతికి వస్తాను. బ్లాంక్ తన వంతుగా కొసన 6 గ్రాముల బరువులా ప్రవర్తిస్తుందని, మీ గైడ్లు, ఎపాక్సీ కలిసి మరో 3 గ్రాములు చేర్చాయని ఉదాహరణకు అనుకుందాం. 28 గ్రాముల జిగ్ కట్టినప్పుడు రాడ్డు నిటారు చేయవలసిన బరువు 34 నుంచి 37 గ్రాములకు పెరుగుతుంది, నిటారయ్యే చురుకు సుమారు 4 శాతం తగ్గుతుంది. 12 గ్రాముల లూర్ కడితే అది 18 నుంచి 21కి పెరుగుతుంది, చురుకు 7 శాతానికి పైగా తగ్గుతుంది. చేరిన బరువు అదే అయినా తేలిక లూర్‌కు దెబ్బ దాదాపు రెట్టింపు. మీరు చూసినది ఇదే. అయితే 28 గ్రాములతో పోయిన పది మీటర్లను ఈ 4 శాతం ఒక్కటే వివరించలేదు, ఎందుకంటే స్ప్రింగు ఇచ్చే వేగం మొత్తం వేగంలో ఒక భాగం మాత్రమే. మిగతా నష్టం దారం నడిచే దారిలో ఉంది, దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

కొస బరువు వల్ల ఇంకొక నష్టం కూడా ఉంది. జిగ్ విడిపోయిన మరుక్షణం రాడ్డు నిటారు గీత దగ్గర ఆగిపోదు. కొస ముందుకు వంగి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోయి కొన్నిసార్లు ఊగుతుంది. దారం అత్యంత వేగంగా బయటికి పరుగెడుతున్న సమయం కూడా అదే. కొస ఊగుతున్నంతసేపూ దారం బ్లాంకుకు కొట్టుకుంటుంది, రింగుల అంచులకు రాసుకుంటుంది. తేలిక కొస ఒకటి రెండు ఊపుల్లో సద్దుమణుగుతుంది, బరువు కొస నాలుగైదు ఊపులు ఊగుతుంది. చేతికి ఇది పిడిలో మిగిలిన చిన్న వణుకులా తెలుస్తుంది. మీ స్నేహితుడి రాడ్డును, మీ రాడ్డును మార్చి మార్చి విసిరి, దూరం చూడకుండా అరచేతిలో ఆ వణుకును మాత్రమే గమనించండి.

అంచనాలతో ఆగకుండా కొలవండి, ఖర్చు లేని కొలత ఇది. రాడ్డు పిడిని బరువైన బల్లకు రెండు క్లాంపులతో కదలకుండా బిగించాలి, కిందికి చెక్క ముక్కలు, పాత గుడ్డ పెట్టి పిడి నలగకుండా చూసుకోవాలి. కొసను ఒక జానెడు కిందికి లాగి వదిలి, ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి, పది ఊపులు పూర్తవడానికి పట్టిన కాలం లెక్కపెట్టాలి. క్రితం ఏడాది నేను కట్టిన తొమ్మిది అడుగుల రాడ్డు ఒట్టి బ్లాంక్‌గా ఉన్నప్పుడు పది ఊపులకు 2.9 సెకన్లు తీసుకుంది. మొదట దానికి నా దగ్గర మిగిలి ఉన్న రెండు కాళ్ళ గైడ్లు టేపుతో అంటించి చూశాను, 3.6 సెకన్లు వచ్చింది. అవి తీసేసి కొస వైపు ఒంటికాలి చిన్న గైడ్లు పెట్టాక 3.2 సెకన్లకు దిగింది. వరండాలో కూర్చుని వీడియోను ఒక్కొక్క ఫ్రేము జరుపుతూ ఆ అంకెలు రాసుకున్న రోజు నుంచి, కంసాలులు వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు నా బల్ల మీద నుంచి కదలలేదు. ప్రతి గైడునూ, కొస గైడునూ తూచి కాగితం మీద రాసుకుని గానీ వాటిని బిగించే కట్టు దారం చుట్టను. ఒంటికాలి 6 సైజు గైడు పక్కన రెండు కాళ్ళ 8 సైజు గైడును తూచి చూస్తే రెండో దాని బరువు మొదటి దానికి రెండు మూడు రెట్లు ఉండటం మీరే గమనిస్తారు. పైగా రెండు కాళ్ళకు రెండు చుట్లు, రెండు చోట్ల ఎపాక్సీ. గైడు చట్రం స్టీలుకు బదులు టైటానియందైతే ఇంకా తేలిక, సముద్రపు ఉప్పుకు తుప్పు కూడా పట్టదు. ఖరీదు ఎక్కువ కాబట్టి అన్నీ టైటానియం పెట్టలేనివారు చివరి నాలుగూ, కొస గైడూ మాత్రం టైటానియంవి పెట్టుకుంటే డబ్బు సరైన చోట ఖర్చయినట్టే.

దారం దారి గురించి ఇప్పుడు చెబుతాను. స్పిన్నింగ్ రీలులో దారం నేరుగా రాదు, స్పూలు అంచు మీదుగా పెద్ద పెద్ద సుళ్ళుగా వస్తుంది. ఆ సుడిని మొదటి గైడు కొంత, రెండోది ఇంకొంత, మూడోది మరికొంత చిన్నది చేసి, చివరికి బ్లాంకుకు దగ్గరగా నడిచే సన్నని తిన్నని గీతగా మార్చాలి. మొదటి గైడు మరీ చిన్నదైనా, స్పూలుకు మరీ దగ్గరైనా, సుడి ఒక్కసారిగా గొంతు నొక్కినట్టయి గైడు ముందు దారం గుమిగూడుతుంది. దాని వెనుక సుళ్ళు బ్లాంకుకు టపటపా కొట్టుకుంటాయి. మీది 4000 సైజు రీలు, దాని స్పూలు అంచు వ్యాసం సుమారు 50 మిల్లీమీటర్లు ఉంటుంది. 20 సైజు అన్నప్పుడు అది రింగు బయటి వ్యాసం మిల్లీమీటర్లలో, లోపలి కన్నం ఇంకా చిన్నది. 50 మిల్లీమీటర్ల సుడి అర మీటరు దూరంలోనే ఆ కన్నంలో దూరాలి, పైగా మీరు పెట్టిన గైడు పొట్టి కాళ్ళది. పోయిన పది మీటర్లలో సింహభాగం ఇక్కడే పోయిందని నా నమ్మకం.

ఈ పెద్ద, పొడుగు కాళ్ళ గైడ్ల నుంచి త్వరత్వరగా చిన్నవాటికి దిగిపోయే అమరికను గైడ్లు తయారుచేసే జపాను కంపెనీ ఫూజీ న్యూ గైడ్ కాన్సెప్ట్ పేరుతో ప్రచారంలోకి తెచ్చింది, ఈనాడు మంచి స్పిన్నింగ్ రాడ్లలో చాలావరకు ఏదో ఒక రూపంలో దాన్నే అనుసరిస్తున్నాయి. దాని కీలకం ఇది: రీలును రాడ్డుకు బిగించి, స్పూలు ఇరుసు గీతను ముందుకు పొడిగిస్తే, రీలు కాడకు ఉండే కొద్దిపాటి వాలు వల్ల ఆ గీత ఒక చోట బ్లాంకును తాకుతుంది. సుడి పూర్తిగా అణగిపోవలసిన చోటు అదే, అక్కడి నుంచి కొస దాకా అన్నీ ఒకే చిన్న సైజు గైడ్లు. వాలు తక్కువగా ఉన్న రీళ్ళలో ఆ గీత బ్లాంకును చాలా దూరంలో తాకుతుంది కాబట్టి కట్టేవాళ్ళు ఇంకొక కొలత కూడా వాడతారు: స్పూలు అంచు వ్యాసాన్ని 27తో గుణిస్తే వచ్చేది, స్పూలు నుంచి మొదటి చిన్న గైడు దూరం. మీ రీలుకు 50 మిల్లీమీటర్లు అనుకుంటే 1350 మిల్లీమీటర్లు, అంటే ఒక మీటరు ముప్పై ఐదు సెంటీమీటర్లు. ఆ చోటులోపు పొడుగు కాళ్ళ 25, 16, 10 సైజు గైడ్లు మూడు పెట్టండి. మొదటిదాన్ని స్పూలు నుంచి 70 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి ప్రయోగాలు చేయండి. రింగులు మూడూ స్పూలు అంచు నుంచి మొదటి చిన్న గైడు దాకా సన్నబడే ఒక గరాటులో ఇమిడినట్టు కనబడాలి. స్పూలు వెనుక నుంచి ఒక కన్ను మూసి చూస్తే రింగులు ఒకదానిలో ఒకటి ఇమిడి కనిపిస్తాయి.

ఈ కొలతలు మొదలుపెట్టడానికి మాత్రమే, తీర్పు చెప్పేది దారమే. గైడ్లను కాగితపు టేపుతో గట్టిగా అంటించి, కట్టు దారం చుట్టకముందే బయటికి తీసుకెళ్ళి, పూర్తి బలం పెట్టకుండా విసిరి చూడాలి. స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టి రీలుకూ మొదటి గైడుకూ మధ్య భాగాన్ని స్లో మోషన్‌లో తీయించండి. దారం బ్లాంకును కొడుతుంటే గైడును రెండు సెంటీమీటర్లు ముందుకు జరపండి, గైడు ముందు గుమిగూడుతుంటే ఒక సైజు పెద్దది పెట్టి చూడండి. నేను ఒక రాడ్డుకు ఇలా ఒక పొద్దున్నంతా భీమిలిలో, గోస్తని సముద్రంలో కలిసే చోట నిలబడి గడిపాను. పన్నెండుసార్లు జరిపిన తర్వాత, టప్పుమని వినిపించే చప్పుడు ఆగిపోయి దారం ఈల వేసినట్టు సన్నగా పోయింది. చెవికి అందిన ఆ తేడాయే దూరంలోనూ కనబడింది.

గైడ్లు ఎన్ని పెట్టాలన్నదానికి విసురు ఒక్కటే కొలబద్ద కాదు. తక్కువ పెడితే తేలిక, కానీ చేప పడి రాడ్డు వంగినప్పుడు గైడుకూ గైడుకూ మధ్య దారం వంపును అనుసరించక సూటిగా సాగి, ఒక చోట బ్లాంక్ మీద ఒత్తిడంతా పడుతుంది. కొస గైడును ఒక దారంతో లాగి రాడ్డును సగం దాకా వంచి, గైడ్లలో నుంచి ఇంకొక దారం నడిపి చూడండి. ఏ గైడు దగ్గరా దారం పదునైన కోణంలో విరిగినట్టు ఉండకూడదు. ఈ పరీక్షలో నెగ్గే అతి తక్కువ సంఖ్యే సరైన సంఖ్య. తొమ్మిది అడుగులకు కొస గైడు కాకుండా ఎనిమిది చాలు, మీవి పది. చిన్న గైడ్ల సైజును మాత్రం లీడర్ (దారం చివర కలిపే మందమైన దారం ముక్క) ముడి నిర్ణయిస్తుంది. ముడి రింగులో తగలకుండా జారిపోవాలి, అందుకే 5 సైజుకు దిగమని సముద్రం మీద విసిరేవారికి నేను చెప్పను. మామూలు లీడర్‌కు 6, మందమైన షాక్ లీడర్‌కు 7 లేదా 8 పెట్టండి.

దారం గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, 0.30 మిల్లీమీటర్ల తంగూసు అని. రెండు రాడ్లకూ అదే వాడారు కాబట్టి పోలికకు దోషం లేదు, కానీ దూరం కావాలంటే ముందు మార్చవలసింది అదే. 60 మీటర్ల 0.30 మిల్లీమీటర్ల నైలాన్ తంగూసు దాదాపు 4.8 గ్రాములు తూగుతుంది. జిగ్ అంత దూరం పోయేసరికి ఆ బరువును కూడా వెంట లాక్కుపోవాలి, 12 గ్రాముల లూర్‌కు అది తన బరువులో ఐదింట రెండు వంతులు. జపాను కొలతలో పీఈ 1.5 బ్రెయిడ్ (సన్నని నూళ్ళతో అల్లిన) దారం వ్యాసం సుమారు 0.205 మిల్లీమీటర్లు, అదే 60 మీటర్లు రెండు గ్రాములకు మించదు. గాలికి దారం ఎదురొడ్డే అడ్డం కూడా వ్యాసంతోపాటే తగ్గుతుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి మొహాన కొట్టేటప్పుడు ఆ విలువ తెలుస్తుంది. మెత్తని బ్రెయిడ్‌కు తంగూసులా చుట్ట జ్ఞాపకం ఉండదు కాబట్టి సుళ్ళు కూడా చిన్నవే వస్తాయి. స్పూలు అంచుకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల కింది దాకా నిండుగా చుట్టండి. సగం ఖాళీ స్పూలుతో ఏ రాడ్డూ దూరం విసరదు.

వెన్ను విషయంలో చాలామంది మీలాగే భయపడతారు, అందుకని కొంచెం వివరంగా చెబుతాను. బ్లాంక్ తయారీలో రెజిన్ పట్టించిన కార్బన్ బట్టను ఆకారానికి కత్తిరించి, సన్నబడే ఉక్కు కడ్డీ మీద చుట్టి, పైన టేపు బిగించి, కొలిమిలో వేడి చేసి, చల్లారాక కడ్డీని లాగేస్తారు. బట్ట మొదలైన చోట, ముగిసిన చోట ఒక పొర ఎక్కువ తక్కువలు ఉండటం వల్ల ఒక వైపు కొద్దిగా బిగువుగా ఉంటుంది, దాన్నే వెన్ను అంటున్నాం. వెన్నుకు అడ్డంగా గైడ్లు కడితే విసురు పక్కకు పోతుందని, రాడ్డు మెలి తిరుగుతుందని పూర్వం గట్టిగా నమ్మేవారు. మెలి తిరగడానికి కారణం గైడ్లు పైన ఉండటం, బరువు పడగానే అవి కిందికి రావాలని చూడటం. స్పిన్నింగ్ రాడ్డులో అవి ముందే కింద ఉన్నాయి కనుక ఆ బెడద లేదు. దూరం విషయంలో వెన్ను తేడా నా చేతికి ఎన్నడూ అందలేదు. నేను వెన్ను చూడను, బ్లాంకును కంటి ముందు తిప్పి ఏ వైపు తిన్నగా కనిపిస్తే ఆ గీత మీద గైడ్లు కడతాను. స్వల్ప వంపు ఉంటే కొస పైకి తిరిగేటట్టు పెడతాను, గైడ్ల బరువుకు అది సర్దుకుంటుంది.

బ్లాంక్ మీది అంకెలను కూడా తెలుసుకుని చదవాలి. 24 టన్నులు, 30 టన్నులు, 40 టన్నులు అని రాసేది కార్బన్ నూలు ఒక చదరపు మిల్లీమీటరుకు చూపే బిగువు మాత్రమే. ఆ బట్ట ఎంత వాడారో, మిగతాది ఏమిటో, రెజిన్ ఎంతో ఆ అంకె చెప్పదు. మామూలు కార్బన్ నూలు బిగువు సుమారు 230 గిగాపాస్కల్స్, గాజు నూలుది 72. కార్బన్ గాజుకన్నా తేలిక కూడా, అందుకే బరువుకు తగ్గ బిగువులో అది గాజును నాలుగు రెట్లకు పైగా మించిపోతుంది. 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ రాడ్డును అమ్మకానికి తెచ్చినప్పటి నుంచి గాజు వెనక్కి పోవడానికి కారణం ఇదే. కానీ టన్నులు పెరిగే కొద్దీ గోడ పలచబడుతుంది, నూలు పెళుసెక్కుతుంది. విశాఖ దగ్గరి యారాడ తీరపు రాళ్ళ మీద నడుస్తూ రాడ్డును ఒక్కసారి రాయికి తాటించే అవకాశం ఉన్నవారికి 30 టన్నుల దాకా చాలు. చిన్నప్పుడు కాలవగట్టున మనం పట్టిన వెదురు కర్రకు ఈ లెక్కలేవీ లేవు, ఎందుకంటే దానికి రీలు లేదు, కర్ర పొడవే దాని దూరం.

15 నుంచి 45 గ్రాములు అన్నదానికి అర్థం 45తో పూర్తి బలంగా విసరమని కాదు. బ్లాంక్ అసలు బలం తెలుసుకోవడానికి విలియం హానిమన్ రూపొందించిన కామన్ సెంట్స్ పద్ధతి తేలిక. ఆయన అమెరికా సెంటు నాణేలు వాడాడు, నేను నీళ్ళు వాడతాను. రాడ్డును అడ్డంగా బిగించి, కొసకు చిన్న ప్లాస్టిక్ సంచి కట్టి, కొస రాడ్డు పొడవులో మూడో వంతు కిందికి దిగేదాకా సిరంజితో నీళ్ళు పోయాలి. ఒక మిల్లీలీటరుకు ఒక గ్రాము, సంచి బరువు కూడా కలుపుకోవాలి. తొమ్మిది అడుగులకు మూడో వంతు అంటే 91 సెంటీమీటర్లు. మీ రాడ్డుకూ, మీ స్నేహితుడి రాడ్డుకూ ఇలా కొలిచి, రెండూ దగ్గర దగ్గరగా వస్తే బ్లాంక్ మీద అనుమానం ఆ రోజుతో తీరిపోతుంది. నా అనుభవంలో ఇటువంటి బ్లాంక్ 28 నుంచి 35 గ్రాముల మధ్య అన్నిటికన్నా చక్కగా విసురుతుంది.

పిడి పొడవు గురించి మీరు అడగలేదు గానీ ఫోటోలో మీ రీల్ సీటు మొదలుకు బాగా దగ్గరగా ఉంది. రెండు చేతులతో విసిరేటప్పుడు పై చెయ్యి తోస్తుంది, కింది చెయ్యి లాగుతుంది, ఆ లాగుడే కొసకు వేగం. రెండు చేతుల మధ్య దూరం మరీ తక్కువైతే కొసను తిప్పడానికి బలం చాలదు, మరీ ఎక్కువైతే చేతులు తిరగవలసిన దూరం పెరిగి వేగం చాలదు. రీలు కాడను వేళ్ళ మధ్య పట్టుకున్నప్పుడు పిడి చివర మోచేతిని కొంచెం దాటాలి. సాధారణ ఎత్తున్నవారికి అది 40 నుంచి 45 సెంటీమీటర్లు. రెండు ముక్కలు కలిసే అతుకు కూడా చూడండి. అది వదులుగా ఉంటే విసురులో చిన్న టిక్కు శబ్దం వస్తుంది, లోపలికి దూరే ముక్కకు కొవ్వొత్తి మైనం సన్నగా రుద్దితే పట్టు కుదురుతుంది. బయటి ముక్క అంచు దగ్గర దారం గట్టిగా చుట్టి ఉండాలి, లేకపోతే ఒక రోజు అది నిలువునా చీలుతుంది.

ఇక చేయవలసిన పని. మొదలు ముక్కను ముట్టుకోవద్దు, మొదటి గైడు ఒక్కటి మార్చండి. కొస ముక్క మీది గైడ్లన్నీ విప్పాలి. గైడు కాలు పైన ఎపాక్సీని కొత్త బ్లేడుతో, బ్లాంక్ వైపు కాకుండా లోహం వైపు ఒత్తి గీయాలి. బ్లేడు కార్బన్‌ను తాకిందంటే ఆ చోట నూలు తెగుతుంది, తరువాత రాడ్డు అక్కడే విరుగుతుంది. కట్టు దారం కొస ఒకటి దొరికితే మిగిలిన చుట్టు తొక్కలాగా ఊడివస్తుంది. మిగిలిపోయిన ఎపాక్సీని హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి గోటితో తీయండి, మంట చూపించవద్దు. కొత్త గైడు కాలు కొసను ఆకురాయితో కత్తి అంచంత పలచన చేసుకుంటే దారం మెట్టు లేకుండా దాని మీదికి ఎక్కుతుంది, గాలిబుడగ చిక్కదు. సన్నని ఎ సైజు నైలాన్ దారం చాలు, డి సైజు ఈ రాడ్డుకు అనవసరపు బరువు. కొస గైడును ఎపాక్సీతో కాక వేడికి కరిగే జిగురుతో పెట్టండి, రింగు పగిలిన రోజున వేడి నీళ్ళతోనే ఊడదీసుకోవచ్చు.

ఎపాక్సీ విషయంలో మన తీరం వాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పూత పైన మబ్బు పట్టినట్టు అయి, జిగట వదలదు. తలుపులు మూసిన గదిలో ఒక బల్బు వెలిగించి గాలిని కాస్త ఆరనిచ్చి, రెండు భాగాలను వేరువేరు సిరంజిలతో సరిసమానంగా కొలిచి, రెండు నిమిషాలు నెమ్మదిగా కలపండి. సిరంజిల లోపల సిలికాన్ నూనె ఉంటే పూత మీద చేప కళ్ళలాంటి గుంటలు పడతాయి, నూనె లేనివి చూసి కొనండి. కొస వైపు గైడ్లకు ఒకే పలచని పూత, దారం నేత కనీకనబడకుండా ఉంటే చాలు. అద్దంలా ఉబ్బెత్తుగా మెరిసే రెండో పూత అందానికి తప్ప బలానికి ఏమీ చేర్చదు, ఆ అందం బరువంతా కొసనే కూర్చుంటుంది. ఎపాక్సీ గట్టిపడేదాకా రాడ్డు నెమ్మదిగా తిరుగుతూనే ఉండాలి, మోటారు లేకపోతే మొదటి గంట అయిదేసి నిమిషాలకు, ఆ తరువాత పదేసి నిమిషాలకు అర చుట్టు తిప్పుతూ పక్కనే కూర్చోండి. ముట్టుకుంటే ఒక రోజులో గట్టిపడినట్టే ఉంటుంది గానీ, పూర్తి బలంతో విసరడానికి మరో మూడు రోజులు ఆగండి. అప్పుడు అదే ఒడ్డున, అదే స్నేహితుడితో, మొదట 12 గ్రాముల లూర్‌తోనే విసిరి చూసి, పది ఊపుల కాలం ముందెంతో తరువాత ఎంతో కూడా రాయండి.